ఇంటి అటక మీది రేడియో – ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరని మన హాస్టల్లో ఏ జూనియర్‌ని అడిగినా చంద్రుడి మీద కాలు పెట్టినాయన అని ఠక్కున చెబుతాడు. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఉండేది ఆయనే. మేము రాస్తున్నది ఆయన గురించి కాదు. ఆయనకంటే 40 ఏళ్ళ ముందు పుట్టిన ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకు ఈ పేరు బాగా తెలుసు. మిగతావాళ్ళకు పేరు తెలియకపోయినా ఆయన చేసిన పని తెలుసు. రాత్రి లైట్లు ఆర్పేశాక మనలో చాలామంది దిండు పక్కన పెట్టుకుని విన్న ఎఫ్.ఎం. రేడియో ఆయనదే. ముల్లు తిప్పితే ఒక్కో స్టేషనూ విడివిడిగా, శుభ్రంగా దొరకడం కూడా ఆయన చలవే.

మేము ఎమ్మెస్సీలో చేరాకే ఈయన జీవితం చదివాం. పాఠ్యపుస్తకంలో ఆయన సర్క్యూట్లు ఉన్నాయి గానీ ఆయన లేరు. అందుకే ఈ సంచికకు రాయమన్నప్పుడు ఈయన్నే ఎంచుకున్నాం.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1890 డిసెంబరు 18న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అమెరికా శాఖలో పెద్ద ఉద్యోగి. తల్లి పెళ్ళికి ముందు టీచరు. తిండికీ పుస్తకాలకూ లోటు లేని ఇల్లు. ఆయనది మనలాంటి నేపథ్యం అని చెప్పి లేని పోలిక తేవడం మాకు ఇష్టం లేదు. అయితే ఒక కష్టం ఆయనకు చిన్నప్పుడే వచ్చింది. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులో ఒక జబ్బు చేసి భుజం, మెడ తమంతట తామే ఎగిరిపడేవి. రెండేళ్ళు బడి మానేసి ఇంట్లోనే చదువుకోవలసి వచ్చింది. ఆ అదురు జీవితాంతం పోలేదు. నలుగురిలోకి వెళ్ళడానికి జంకే ఆ పిల్లవాడు ఒంటరిగా వస్తువులు విప్పి బిగించడం అలవాటు చేసుకున్నాడు.

తర్వాత ఆ కుటుంబం హడ్సన్ నది ఒడ్డునున్న యాంకర్స్ అనే ఊరికి మారింది. ఆ ఇంటి అటక మీది గది అతనిది. మార్కొనీ గురించి ఒక పిల్లల పుస్తకంలో చదివి 14 ఏళ్ళకే తానూ ఏదైనా కనిపెట్టాలని నిర్ణయించుకున్నాడు. అప్పటి రేడియోలో మాట లేదు, పాట లేదు. ఉన్నవి చుక్కలూ గీతలే. మన తాతల నాటి తంతి ఆఫీసులో టకటకమనే మోర్స్ కోడ్ అన్నమాట. ఇప్పటి భాషలో చెప్పాలంటే అవి డేటా సిగ్నల్స్. వినపడిన టకటకను అక్షరాలుగా విప్పుకోవాలి. ఆ రోజుల్లో ఇంటి రిసీవర్ ఎంత బలహీనమంటే హెడ్‌ఫోన్ చెవికి అదుముకుని, ఊపిరి బిగబట్టి వింటే తప్ప దూరపు స్టేషన్ వినపడేది కాదు.

బలహీనమైన సిగ్నల్ కోసం ఆ కుర్రవాడు ముందు ఏరియల్ పెంచాడు. పెరట్లో 125 అడుగుల ఎత్తున స్తంభం తానే నిలబెట్టాడు. తాడుకు కట్టిన పీట మీద కూర్చుని పైకి ఎగబాకేవాడు. ఎత్తులంటే అతనికి భయం లేదు. చూసేవాళ్ళకే భయం.

1909లో హైస్కూలు అయ్యాక కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. తండ్రి కొనిచ్చిన ఎర్ర మోటారు సైకిల్ మీద రోజూ ఇంటి నుంచే కాలేజీకి వెళ్ళొచ్చేవారు. అక్కడ దొరికిన గురువు మైకేల్ పుపిన్. ఈ పుపిన్ సెర్బియా పల్లెటూరి బిడ్డ. తల్లికి అక్షరం రాదు. 1874లో జేబులో అయిదు సెంట్లతో అమెరికాలో దిగి, కూలి పనులు చేసుకుంటూ చదివి ప్రొఫెసర్ అయినవాడు. ఆయన జీవితం కూడా ఒక సంచికకు సరిపోతుంది. ప్రశ్నలు వేసి విసిగించే ఆర్మ్‌స్ట్రాంగ్‌ను మిగతా లెక్చరర్లు కొందరు సహించలేకపోయినా పుపిన్ వెనకేసుకొచ్చారు.

అసలు కథ 1912లో మొదలైంది. లీ డి ఫారెస్ట్ అనే ఆయన 1906లో ఆడియాన్ అనే మూడు ధ్రువాల వాల్వును తయారుచేశారు. అది సిగ్నల్‌ను కొంచెం పెంచుతుంది. ఎందుకు పెంచుతుందో తయారుచేసినాయనకే సరిగ్గా అంతుపట్టలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ దాన్ని అటక మీద పెట్టుకుని, కాలేజీ పరికరాలతో కొలిచి, లోపల ఏం జరుగుతోందో ముందు తెలుసుకున్నారు. తర్వాత ఒక చిన్న మార్పు చేశారు. వాల్వు నుంచి బయటికి వచ్చిన సిగ్నల్‌లో కొంత తీసి మళ్ళీ లోపలికే పంపారు. పెరిగింది మళ్ళీ పెరిగి, అది మళ్ళీ పెరిగి, వేల రెట్లయింది. హెడ్‌ఫోన్ బల్ల మీద పడేసినా గది అవతలికి టకటక వినిపించింది. అర్ధరాత్రి పట్టలేని సంతోషంతో చెల్లెలిని నిద్రలేపారు. ఐర్లండ్‌లోని క్లిఫ్డెన్, పసిఫిక్ మధ్యలోని హొనొలులు ఆ అటక మీదికి వచ్చిపడ్డాయి.

తిరిగి పంపే భాగం మోతాదు మించితే వాల్వు కూత పెడుతుంది. అంటే తానే ఒక ట్రాన్స్‌మిటర్ అవుతుంది. ఈ రెండో సంగతి కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ గమనించారు. వినే పెట్టె, పంపే పెట్టె రెండూ ఒకే సర్క్యూట్‌లో దొరికాయి. అప్పటికి ఆయన వయసు 21.

పేటెంట్ తీసుకోవడానికి డబ్బు కావాలి. తండ్రి ముందు డిగ్రీ పూర్తి చేయమన్నారు, ఇవ్వనన్నారు. మామయ్య సలహా మీద సర్క్యూట్ బొమ్మ గీసి, 1913 జనవరి 31న నోటరీ దగ్గర కొద్దిపాటి చిల్లర ఇచ్చి ముద్ర వేయించుకున్నారు. పేటెంట్ దరఖాస్తు మాత్రం అక్టోబరు 29 దాకా పడలేదు. ఈ తేదీలు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నామంటే తర్వాత ఇరవై ఏళ్ళు కోర్టుల్లో నడిచింది తేదీల గొడవే. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్ అంటూ ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన మనకు కాగితం మీద తేదీ ఎంత పని చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1913 జూన్‌లో డిగ్రీ పుచ్చుకుని అదే కొలంబియాలో అసిస్టెంట్‌గా చేరారు. ఆ మరుసటి నెల, జులైలో, బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అదే విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన భారతీయ విద్యార్థి మన బాబాసాహెబ్ అంబేడ్కర్. 1916 దాకా అక్కడ చదివారు. ఒకరిది ప్రయోగశాల, మరొకరిది అర్థశాస్త్రం, గ్రంథాలయం. పలకరించుకునే సందర్భం రావలసిన పని లేదు. కానీ ఆ మూడేళ్ళు ఒకే ఆవరణలో ఒకరు వాల్వుల ముందు, ఒకరు పుస్తకాల ముందు రాత్రులు గడిపారన్న సంగతి తెలిశాక మాకు ఒళ్ళు పులకరించింది.

1914 జనవరి 30 రాత్రి ఆర్మ్‌స్ట్రాంగ్ తన పెట్టె పట్టుకుని న్యూజెర్సీలోని బెల్మార్‌కు వెళ్ళారు. అది మార్కొనీ కంపెనీ స్టేషన్. కంపెనీ తరఫున వచ్చినవాడు డేవిడ్ సార్నాఫ్, రష్యా నుంచి వలస వచ్చిన పేద యూదు కుర్రవాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ ఈడువాడే. కొరికే చలిలో గుడిసెలాంటి గదిలో ఇద్దరూ తెల్లవార్లూ కూర్చుని ఐర్లండ్‌నూ, శాన్ ఫ్రాన్సిస్కోనూ, హొనొలులునూ విన్నారు. స్నేహితులయ్యారు. ఈ సార్నాఫ్ తర్వాత ఆర్.సి.ఎ. అనే మహా సంస్థకు అధిపతి అయ్యాడు. ఆ స్నేహం ఎలా ముగిసిందో ముందు ముందు చెబుతాం.

డి ఫారెస్ట్ ఊరుకోలేదు. ఆ వాల్వు తనది, 1912 ఆగస్టు నాటి తన నోట్సులోనే ఆ కూత ప్రస్తావన ఉందని దావా నడిపారు. మొదట ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచారు, తర్వాత ఓడారు. 1934లో అమెరికా సుప్రీంకోర్టు చివరి మాటగా డి ఫారెస్ట్ పక్షాన చెప్పింది. కూత వినడం వేరు, కూత ఎందుకొస్తోందో తెలిసి వాడుకోవడం వేరు. ఇంజనీర్లలో ఎక్కువమంది ఆ తీర్పు సాంకేతికంగా తప్పన్నారు. మాకూ అలాగే అనిపిస్తుంది. అయితే డి ఫారెస్ట్‌ను దుర్మార్గుడిగా చూపడం సులువు, న్యాయం కాదు. ఆయన తండ్రి అలబామాలో నల్లజాతి పిల్లల కోసం పెట్టిన టాలడీగా కాలేజీకి అధ్యక్షుడు. ఆ కారణంగానే ఊళ్ళోని తెల్లవాళ్ళు ఆ ఇంటిని దూరం పెట్టారు. వెలి అంటే ఏమిటో తెలిసి పెరిగిన మనిషి ఆయన.

ఆ తీర్పు వచ్చిన వెంటనే ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిలడెల్ఫియాలో జరిగిన రేడియో ఇంజనీర్ల సభకు వెళ్ళారు. ఇదే ఆవిష్కరణకు ఆ సంస్థ గతంలో ఇచ్చిన పతకాన్ని తిరిగి ఇచ్చేద్దామని. వాళ్ళు తీసుకోలేదు. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మళ్ళీ వెనక్కి వెళదాం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన అమెరికా సైన్యంలో కెప్టెన్‌గా పారిస్‌లో పనిచేశారు. శత్రువుల హ్రస్వ తరంగాలు పట్టుకోవాలి. అప్పటి వాల్వులు అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీని పెంచలేవు. 1918లో ఆయన వేసిన ఎత్తు ఇదీ. వచ్చే సిగ్నల్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నా సరే, సెట్టులోనే పుట్టించిన మరో తరంగాన్ని దానికి కలిపి, ఒకే ఒక స్థిరమైన తక్కువ ఫ్రీక్వెన్సీకి దింపడం. ఆ ఒక్క ఫ్రీక్వెన్సీకి మాత్రం సెట్టును గట్టిగా తయారుచేస్తే చాలు. దీని పేరు సూపర్‌హెటరోడైన్. ఫ్రాన్స్‌లో లూసియెన్ లెవీ, జర్మనీలో షాట్కీ కూడా ఇదే దారిలో ఉన్నారు. పేటెంట్ హక్కుల్లో చాలా భాగం చివరికి లెవీకి పోయింది. పనిచేసే సెట్టుగా దాన్ని నిలబెట్టింది మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్. ట్రాన్సిస్టర్ రేడియో, టీవీ, రాడార్ అన్నీ ఈ పద్ధతి మీదే నడిచాయి.

పేటెంట్లు అమ్మిన డబ్బుతో, వాటాలతో ఆయన కొంతకాలం ఆర్.సి.ఎ.లో అందరికంటే పెద్ద వ్యక్తిగత వాటాదారు అయ్యారు. 1923లో సార్నాఫ్ సెక్రటరీ మారియన్‌ను పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళి కానుకగా ఆమెకు ఒక మోసుకెళ్ళే సూపర్‌హెటరోడైన్ రేడియో చేసిచ్చారు. పెళ్ళికి ముందు ఆమెను మెప్పించడానికో ఏమో, ఆర్.సి.ఎ. భవనం మీది టవర్ కొసకు ఎక్కి ఫొటోలు దిగితే సార్నాఫ్‌కు ఒళ్ళు మండి ఆ మేడ మీదికి రావద్దన్నారు.

ఇంత సాధించాక ఎవరైనా విశ్రాంతి తీసుకుంటారు. ఆర్మ్‌స్ట్రాంగ్ నామమాత్రపు జీతానికి కొలంబియా ప్రయోగశాలలోనే ఉండిపోయారు. గరగరను వదిలించాలన్నది ఆయన పట్టు. వాన మబ్బు పట్టి మెరుపు మెరిస్తే మన మీడియం వేవ్ ఆకాశవాణి కరకరమనేది గుర్తుందా? ఆ రోజుల్లో రేడియో అంతా అదే పద్ధతి. మాటను బట్టి తరంగం ఎత్తు మారుతుంది. మెరుపు కూడా తరంగం ఎత్తునే మారుస్తుంది. అందువల్ల సెట్టు రెండింటినీ వేరుచేయలేదు. ఎత్తు కదలకుండా ఉంచి, తరంగం ఊగే వేగాన్ని, అంటే ఫ్రీక్వెన్సీని, మాటకు తగ్గట్టు మారిస్తే? ఇది కొత్త ఊహ కాదు. 1922లో జాన్ కార్సన్ అనే గణిత ఇంజనీరు లెక్క కట్టి దీనివల్ల లాభం లేదని తేల్చారు. కార్సన్ లెక్క ఇరుకైన పట్టీకి. అందరూ పట్టీని ఇరుకు చేయాలనుకుంటుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ వెడల్పు చేసి చూశారు. గరగర పోయింది. 1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి. అదే ఎఫ్.ఎం.

1934లో న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మీద ఆర్.సి.ఎ. చోటిచ్చింది. దాదాపు 70 మైళ్ళ దూరంలో, లాంగ్ ఐలాండ్‌లోని మిత్రుడి ఇంట్లో రిసీవర్ పెడితే పిడుగుల మధ్య కూడా శుభ్రంగా వినపడింది. ఆ నవంబరులో చేసిన ప్రయోగం మాకు అన్నిటికంటే ముచ్చటగొలిపింది. ఒకే ఎఫ్.ఎం. తరంగం మీద రెండు రేడియో కార్యక్రమాలు, ఒక దినపత్రిక మొదటి పేజీ బొమ్మ, ఒక తంతి సందేశం అన్నీ కలిపి ఒకేసారి పంపారు. అవతల దేనికది విడిపోయి వచ్చాయి. పాటతో పాటు డేటా! 1934లో!

ఆ డేటా సంగతే ఇంకొంచెం చెబుతాం. మన ల్యాబ్ మిత్రులు చాలామంది అడుగుతుంటారు. స్కానర్ అనే రేడియో ఉంటుంది. వరసగా ఫ్రీక్వెన్సీలను తానే తడుముకుంటూ పోయి ఎక్కడ సిగ్నల్ ఉంటే అక్కడ ఆగుతుంది. విప్పి చూస్తే ముందు భాగం సూపర్‌హెటరోడైన్, వెనక భాగం ఎఫ్.ఎం. రెండూ ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టినవే. ఎఫ్.ఎం. భాగంలో ముందు తరంగం ఎత్తును కత్తిరించి సమం చేస్తారు. తర్వాత డిస్క్రిమినేటర్ అనే మెట్టులో ఫ్రీక్వెన్సీ మార్పు కాస్తా వోల్టేజి మార్పు అవుతుంది. అక్కడి నుంచి స్పీకర్‌కు వెళ్ళేలోపు సెట్టు మన చెవి సుఖం కోసం సిగ్నల్‌ను మెత్తబరుస్తుంది. పై స్వరాలను తగ్గిస్తుంది, బాగా కింది స్వరాలను కోసేస్తుంది. మాటకు అది మంచిదే. డేటా మాత్రం మెట్లమెట్లుగా, నిలువు అంచులతో ఉంటుంది. అంచులు అరిగిపోతే ఒకటేదో సున్నా ఏదో కంప్యూటర్‌కు తెలియదు. అందుకని ఇంట్లో సెట్టు విప్పే ఔత్సాహికులు మెత్తబరచక ముందే, డిస్క్రిమినేటర్ కొసనే ఒక వైరు కలిపి, మధ్యలో కెపాసిటర్ పెట్టి, బయటికి ఒక సాకెట్ తీసి, కంప్యూటర్ సౌండ్ కార్డుకు ఇచ్చేవారు. ఎం.సి.3361 లాంటి చిప్ ఉన్న సెట్లలో అది తొమ్మిదో కాలు. వాల్యూమ్ పెంచినా తగ్గించినా ఆ కొసన ఏమీ మారదు. ఒక వైరు, ఒక కెపాసిటర్, అంతే పని. లోపల ఎక్కడ ఏం జరుగుతోందో తెలిస్తేనే ఆ కాలు దొరుకుతుంది. ఇప్పుడు ఇదంతా యూఎస్‌బీ డాంగిల్, సాఫ్ట్‌వేర్ చేసిపెడుతున్నాయి.

మన కోసం కాని సందేశాలు విప్పి చదవడం చట్టం ఒప్పుకోని పని. హామ్ లైసెన్సు తీసుకుని ఆ బ్యాండ్లలో వినడానికి ఎంతో ఉంది. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ15 మోసుకెళ్ళిన స్టడ్‌శాట్ కిలో బరువు కూడా లేని ఉపగ్రహం. హైదరాబాద్, బెంగళూరు కాలేజీల విద్యార్థులు చేశారు. అది సిగ్నల్ పంపింది హామ్ బ్యాండ్‌లోనే.

ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరికి వద్దాం. ఎఫ్.ఎం. విని సార్నాఫ్ సంతోషించాలి కదా. ఆర్.సి.ఎ. పెట్టుబడి అంతా పాత రేడియోలో ఉంది, ఇక పెట్టబోయేది టెలివిజన్‌లో. 1935లో టీవీ ప్రయోగాలకు చోటు కావాలంటూ ఎంపైర్ స్టేట్ మీది సామాను తీసేయమన్నారు. ఆ నవంబరు 5న ఇంజనీర్ల సభలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్.ఎం. వినిపించారు. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం చింపిన చప్పుడు పక్కనే జరిగినట్టు వినపడ్డాయి. తర్వాత సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్ దగ్గర 400 అడుగులు దాటిన టవర్ కట్టించి స్టేషన్ నడిపారు. 1940లో ఆర్.సి.ఎ. ఏకమొత్తంగా పది లక్షల డాలర్లు ఇస్తాం, రాయల్టీ అడగొద్దంది. మిగతా కంపెనీలు రాయల్టీ కడుతున్నప్పుడు పెద్దదానికి మినహాయింపు ఏమిటని ఆయన ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం తన ఎఫ్.ఎం. పేటెంట్లను సైన్యం ఉచితంగా వాడుకోనిచ్చారు. 1945లో ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎం.ను 42–50 మెగాహెర్ట్జ్ నుంచి పైకి, 88–108కి మార్చింది. అప్పటిదాకా జనం కొన్న లక్షల సెట్లు మూగవోయాయి. ఇప్పుడు మనం వినే అంకెలు ఆ మార్పు తర్వాతివే.

1948లో ఆయన ఆర్.సి.ఎ. మీద దావా వేశారు. పెద్ద కంపెనీ లాయర్లు ఆయన్ను ఒక్కడినే ఏడాది పాటు ప్రశ్నించారు. 1950 నాటికి పేటెంట్ల గడువు తీరింది. డబ్బు కరిగిపోయింది. తెల్లవారితే కేసు, నిద్రపోయినా కేసు. ఇక చాలని భార్య అన్నందుకు 1953 నవంబరులో ఆవేశపడి ఆమె మీద చెయ్యి చేసుకున్నారు. ఆమె అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళిపోయింది. 1954 జనవరి 31 రాత్రి, ఆమెకు క్షమాపణ ఉత్తరం రాసిపెట్టి, తన ప్రాణం తానే తీసుకున్నారు. వయసు 63.

ఈ సంగతి చిన్నపిల్లలు కూడా చదివే సంచికలో రాయాలా వద్దా అని చాలా ఆలోచించాం. దాచితే ఆయన జీవితం అబద్ధమవుతుంది. కాబట్టి రాస్తూ ఒక్క మాట అంటాం. అలాంటి రాత్రి మనలో ఎవరికైనా వస్తే, టైము ఎంతైనా సరే, పక్క మంచం వాణ్ణి లేపండి, వార్డెన్ గారి తలుపు తట్టండి. సంతోషం పట్టలేక చెల్లెలిని లేపిన మనిషికి ఆ చివరి రాత్రి ఇంట్లో లేపడానికి ఎవరూ లేకపోయారు.

కేసులు ఆగలేదు. మారియన్ వాటిని చేతిలోకి తీసుకుంది. ఆ ఏడాది చివర్లోనే ఆర్.సి.ఎ. పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీకి వచ్చింది. మిగతా కంపెనీలతో ఒక్కొక్కదానితో ఆమె పోరాడింది. ఆఖరుది మోటొరోలా. 1967లో అది కూడా ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షానే తేలింది. ఎఫ్.ఎం. కనిపెట్టింది ఎవరన్న విషయంలో ఆ తర్వాత తగవు లేదు.

ఆల్పైన్ టవర్ నిలిచే ఉంది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలి వాటి మీది ఏంటెన్నాలు పోయినప్పుడు, ఆ నగరపు టీవీ స్టేషన్లు కొన్ని కొన్నాళ్ళు ఆ టవర్ మీది నుంచే ప్రసారాలు నడిపాయి.